మా కెప్టెన్ వేసిన ఆఖరి టీం

మా కెప్టెన్ పోయాడన్న కబురు నాకు కారం మిల్లు దగ్గర తెలిసింది. ఏడాదికి సరిపడా కారం పట్టించుకుందామని ఎండుమిరపకాయల సంచి తీసుకుని వెళ్ళి, నా వంతు కోసం అరుగు మీద కూర్చున్నాను. ఫోన్ మోగింది. చేసింది వదిన. కెప్టెన్ భార్యని మా క్రికెట్ క్లబ్బులో మేమంతా వదినా అనే పిలుస్తాం.

"మాస్టారూ, మీ అన్న వెళ్ళిపోయాడు. పొద్దున్నే కాఫీ అడిగాడు. కలిపి తెచ్చేసరికి లేడు" అంది.

ఆమె గొంతులో ఏడుపు లేదు. చాలాకాలంగా సరిగ్గా నిద్రపోని మనిషి గొంతు అది. వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను. మిల్లు దగ్గర ఘాటుకి అందరూ తుమ్ముతూ కళ్ళు తుడుచుకుంటూనే ఉంటారు కాబట్టి, నా కళ్ళని ఎవరూ పట్టించుకోలేదు. సంచి అక్కడే వదిలేసి నడిచాను.

ఆయన గురించి పేపర్లో రాలేదు. రావాల్సినంత పెద్దమనిషి కూడా కాదు. చిలకలూరిపేటలో హైవే పక్కన మోటార్ వైండింగ్ షాపు ఉండేది ఆయనకి. చుట్టుపక్కల ఊళ్ళలో మిరపతోటలకి నీళ్ళు పెట్టే మోటార్లు కాలిపోతే రైతులు ఆయన దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఆయన చేతులకి ఎప్పుడూ వార్నిష్ వాసన వేసేది. ఆదివారం వచ్చేసరికి ఆ వాసనతోనే గ్రౌండ్‌లో ఉండేవాడు. మా ఊరి క్లబ్బుకి నా కాలేజీ రోజుల నుంచి, నాకు జుట్టు నెరిసేదాకా ఆయనే కెప్టెన్. మేమెవరం ఎన్నుకోలేదు. పిచ్ మీద పరిచే కొబ్బరిపీచు మ్యాటుని చుట్టగా చుట్టి స్కూటర్ మీద అడ్డంగా వేసుకుని అందరికన్నా ముందు వచ్చేవాడు, అందరూ వెళ్ళాక దాన్ని చుట్టుకుని వెళ్ళేవాడు. అలా కెప్టెన్ అయిపోయాడు.

ఆట గొప్పగా ఆడేవాడని చెప్పలేను. ఏడో నంబర్లో వచ్చి అడ్డదిడ్డంగా ఓ పాతిక పరుగులు చేసేవాడు. కానీ ఎవరిమీదా అరిచేవాడు కాదు. మా ఊళ్ళ సంగతి మీకు తెలుసు కదా, మామూలుగా మాట్లాడుకుంటేనే పక్క వీధికి వినపడుతుంది. అలాంటి చోట ఆయన నోరు చేసుకోకుండా టీంని నడిపాడు. ఎవరైనా క్యాచ్ వదిలేస్తే వాడి వైపు చూసేవాడు కాదు. వంగి తన బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకునేవాడు. అది అయ్యేలోపు వదిలినవాడు తేరుకునేవాడు. నేను పాయింట్‌లో నిలబడి ఎన్నో క్యాచులు వదిలాను. ఆయన లేసు కట్టుకోవడం ఎన్నిసార్లు చూశానో.

పోయిన వానాకాలంలో ఆయన కిడ్నీలు పాడయ్యాయని తేలింది. వారానికి రెండుసార్లు నరసరావుపేట వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలన్నారు. ఒకరోజు వదిన తీసుకెళ్ళేది. ఆమెకి నడుము నొప్పి. రెండు రోజులూ ఆ కుర్చీలో కూర్చోలేనంది. నేను అప్పటికే రిటైరయ్యాను, ఇంట్లో ఖాళీగా ఉన్నాను. బుధవారం నేను తీసుకెళ్తానన్నాను.

ఆ బుధవారాల గురించి గొప్పగా ఏమీ చెప్పను. అలసట. పొద్దున్నే ఆటో ఎక్కించుకుని వెళ్ళడం, పేరు పిలిచేదాకా ఎదురుచూడటం, ఆయన్ని మిషన్ పక్కన పడుకోబెట్టాక స్టూలు మీద కూర్చుని ఆయన రక్తం గొట్టాల్లో తిరగడం చూడటం. తిరిగొచ్చేటప్పుడు ఆయన పిండేసిన బట్టలా ఉండేవాడు. నా మోకాళ్ళు పట్టేసేవి. పత్తి లారీల వెనక ఇరుక్కుని, దుమ్ము మింగుతూ ఇల్లు చేరేవాళ్ళం. మంగళవారం సాయంత్రం అయ్యేసరికి నాకు రేపు మళ్ళీ వెళ్ళాలి కదా అని నీరసం వచ్చేది. వదినకీ అలాగే ఉండేదని తర్వాత చెప్పింది. మేమిద్దరం గుమ్మం దగ్గర ఆయన్ని ఒకరికొకరం అప్పగించుకునేటప్పుడు పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు.

టీం సంగతి ఆయనే మొదలుపెట్టాడు. ఒక బుధవారం కళ్ళు మూసుకుని పడుకున్నవాడు, "ఏరా మాస్టారూ" అన్నాడు. నేను బడిపంతులుని కాబట్టి నాకు ఇరవై రెండేళ్ళు ఉన్నప్పటి నుంచీ ఆ పిలుపే. "మనతో ఆడినోళ్ళందర్లోంచి ఒక టీం వెయ్యాలంటే ఎవర్ని వేస్తాం?"

"ఎందుకన్నా ఇప్పుడు?"

"ఊరికినే. ఈ ఫ్యాను ఎన్నిసార్లు తిరిగిందని లెక్కబెడతాం."

నేను జేబులోంచి కాగితం తీయబోతే వద్దన్నాడు. "రాయకు. రాస్తే మార్చబుద్ధి కాదు."

ఆయన పెట్టిన షరతు ఒక్కటే. మనమీద ఆడినవాళ్ళు వద్దు, మనతో ఆడినవాళ్ళే కావాలి. ఇంకో మాట కూడా అన్నాడు. "ఒక్కరోజు మెరిసినోణ్ణి తేబాక. ఆదివారం ఆదివారం వచ్చినోణ్ణి చెప్పు."

వికెట్ కీపర్ దగ్గర గొడవే లేదు. టైలర్ మస్తాన్. పగలంతా మిషన్ తొక్కి తొక్కి నడుము వంగి ఉండేది కాబట్టి స్టంప్‌ల వెనక వాడు ప్రత్యేకంగా వంగాల్సిన పని లేదనేవాళ్ళం. తర్వాత ఓపెనర్లుగా ఒక మిల్లు గుమాస్తా, నేను. నన్ను ఆయన వెంటనే వేశాడు. "నువ్వు కొట్టవు, అవుటూ అవ్వవు. ఒకడు అట్టాంటోడు ఉండాలి" అన్నాడు. ఆ మాట మీద నేను ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

మూడో నంబరుకి వచ్చేసరికి ఇద్దరం ఆగాం. మా మూడో నంబరు బ్యాట్స్‌మన్ కౌలుకి పత్తి వేసేవాడు. పంట వరసగా పోయిన రోజుల్లో పురుగుమందు తాగాడు. అతని కవర్ డ్రైవ్ గురించి మాట్లాడాలంటే అదీ గుర్తొస్తుంది.

"వాణ్ణి వేద్దాం" అన్నాడు కెప్టెన్ కాసేపటికి. "ఉన్నట్టే వేద్దాం."



అలా వారం వారం ఒక్కో పేరు మీద వాదించుకుంటూ వెళ్ళాం. ఆయన తనని తాను కూడా ఏడో నంబర్లో వేసుకున్నాడు, ఏమీ మొహమాటపడకుండా. "నేను లేకపోతే టాసుకి ఎవడు పోవాలో తేలక తన్నుకుంటారు మీరు" అన్నాడు. పక్క మంచం మీద ఆయన, వెల్దుర్తి నుంచి వచ్చే పెద్దాయన, నవ్వాడు. ఆ గదిలో నవ్వు వినపడటం అరుదు.

గొడవంతా ఫాస్ట్ బౌలర్ దగ్గరే వచ్చింది.

కోటేశు గురించి చెప్పాలి. మా క్లబ్బులో అంత వేగంగా బంతి వేసినవాడు అతనికి ముందూ లేడు, తర్వాతా రాలేదు. మ్యాటు మీద అతని బంతి పడితే దుమ్ము లేచేది. అతను మాతో ఆడటం మానేసి పాతికేళ్ళు దాటింది. దానికి కారణం అద్దంకిలో జరిగిన ఒక ఫైనల్.

ఆ రోజు అవతలివాళ్ళ ఆఖరి జోడీ ఆడుతోంది. కప్పు మాకు ఒక్క వికెట్ దూరంలో ఉంది. స్ట్రైక్‌లో ఉన్నది సన్నగా పొడుగ్గా ఉన్న ఇంటర్ కుర్రాడు. బ్యాట్ పట్టుకోవడం కూడా సరిగా రాదు. హెల్మెట్ లేదు, ఆ రోజుల్లో మాలో ఎవరికీ లేదు. కోటేశు వేసిన బంతి లేచి వాడి భుజానికి తగిలింది. కెప్టెన్ అతని దగ్గరికి వెళ్ళి, "పైకి లేపబాకరా, వికెట్లకి వెయ్" అన్నాడు. తర్వాతి బంతి ఇంకా పైకి లేచి వాడి చెవి పక్కనుంచి వెళ్ళింది. వాడు బ్యాట్ వదిలేసి కూర్చుండిపోయాడు. ఎలాగో ఆ ఓవర్ గడిచింది. అవతలి వైపు నుంచి ఇంకో ఓవర్ అయ్యాక కోటేశు వచ్చి బంతి కోసం చెయ్యి చాచాడు. కెప్టెన్ బంతిని అతనికి ఇవ్వలేదు. ఎడమచేతి స్పిన్నర్ సుబ్బారావుకి ఇచ్చాడు. ఆ కుర్రాడికి జోడీగా ఉన్న బ్యాట్స్‌మన్ సుబ్బారావు బంతుల్ని రెండు సిక్సర్లు కొట్టాడు. మేం ఓడిపోయాం.

కోటేశు సంచి భుజాన వేసుకుని గ్రౌండ్ దాటి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా వైపు రాలేదు. కొన్నాళ్ళకి చీమకుర్తిలో గ్రానైట్ లారీల మీద పనికి వెళ్ళాడని విన్నాం.

"కోటేశు లేకుండా ఏం టీం అన్నా ఇది" అని నేను ఒక బుధవారం అన్నాను.

"ఆదివారం ఆదివారం వచ్చినోళ్ళు కావాలన్నాగా. వాడు రాలా."

"అంతకుముందు వచ్చాడుగా."

"తర్వాత రాలా."

తర్వాతి బుధవారం మళ్ళీ అన్నాను. ఆ తర్వాత వారం కూడా. ఆయన మిషన్ వైపు తల తిప్పుకునేవాడు. మిరప కోతలు మొదలయ్యేదాకా మా మధ్య ఇదే వాదన. నాకు పట్టుదల ఎందుకో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఆయన టీంలో కోటేశు లేకపోవడం నాకు బాగోలేదు. అంతే.

ఒక బుధవారం మిషన్ దిగి ఆటో ఎక్కేముందు ఆగి, "చీమకుర్తి ఎంతసేపురా ఈడనుంచి?" అని అడిగాడు.

వదిన ఒప్పుకోలేదు. డాక్టరు దూరాలు వద్దన్నాడంది. "ఈ టీమేందో, ఈ పిచ్చేందో. మంచం మీద ఉండి ఎవరైనా ఆటలు ఆడతారా" అని నన్ను కూడా కలిపి కోప్పడింది. ఆఖరికి ఆమే కారు మాట్లాడించి, సీట్లో దిండు వేసి, ఆయనకి శాలువా కప్పింది. ఆరోగ్యం కాస్త బాగున్న రోజు చూసుకుని బయలుదేరాం.

హైవే మీద కొంత దూరం వెళ్ళాక కారుని అద్దంకి వైపు తిప్పమన్నాడు. దారి పొడవునా కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అద్దంకిలో ఆ గ్రౌండ్ పక్కన ఆపించాడు. సగం గ్రౌండ్‌లో ఇప్పుడు ఏదో బిల్డింగ్ లేచింది. మిగిలిన సగంలో పెళ్ళి షామియానా గుంజలు పాతుతున్నారు. కారు దిగుతావా అన్నాను. వద్దన్నాడు. అద్దం దించి కాసేపు చూశాడు. "పిచ్ ఎటుండేది?" అని అడిగాడు. నాకూ గుర్తు రాలేదు.

చీమకుర్తిలో కోటేశుని వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇప్పుడతనికి సొంతంగా ఒక లారీ ఉంది. లారీల బరువు తూచే కాటా దగ్గర, వరసలో ఉన్న తన బండి కింద దూరి ఏదో చూసుకుంటున్నాడు. బయటికి వచ్చినప్పుడు జుట్టంతా తెల్లగా ఉంది. రాతిపొడి ఎంతో, వయసు ఎంతో చెప్పలేకపోయాను.

"ఏరా మాస్టారూ, లావయ్యావు" అన్నాడు నన్ను చూసి. నిన్ననే విడిపోయినట్టు అన్నాడు. కారు వైపు చూశాడు. "ఎవరు లోపల?"

"పోయి చూడు" అన్నాను.

అతను కిటికీ దగ్గర వంగి చూసి అలాగే ఉండిపోయాడు. పాతికేళ్ళ కిందటి మనిషి కోసం చూశాడు, అక్కడ సగం మనిషే ఉన్నాడు. తర్వాత తలుపు తీసి, గుడ్డతో చేతులు తుడుచుకుని, కెప్టెన్ కాళ్ళు కిందికి పెట్టుకునేలా సీట్లో పక్కకి తిరగడానికి సాయం పట్టాడు. టీ తెప్పించాడు. కెప్టెన్ రెండు గుక్కలు తాగి గ్లాసు నాకిచ్చాడు.

"నీళ్ళు తాగకూడదంట. టీ కూడా నీళ్ళేనంట" అన్నాడు.

కోటేశు తల ఊపాడు. వెనక లారీలు హారన్లు కొడుతూ కాటా ఎక్కుతున్నాయి.

"టీం వేస్తన్నాంరా" అన్నాడు కెప్టెన్. "మనతో ఆడినోళ్ళలోంచి. నిన్ను వెయ్యమని మాస్టారు ప్రాణం తీస్తన్నాడు. నువ్వేమంటావో అడుగుదామని వచ్చా."

"దీనికోసం ఇంత దూరం వచ్చావా అన్నా?"

"ఫోన్ చేస్తే ఎత్తుతావో లేదోనని."

కోటేశు కాలి దగ్గరున్న రాయిని చెప్పుతో పక్కకి నెట్టాడు. తర్వాత అడిగాడు. "ఆ రోజు నన్నెందుకు తీశావు?"

"వాడికి హెల్మెట్ లేదు."

"ఒక్క వికెట్ అన్నా."

"తెలుసు."

"గెలిచేవోళ్ళం."

"తెలుసురా. మ్యాచ్ సాయంత్రానికి అయిపోద్ది. తల పగిలితే అట్టా అయిపోదుగా."

కోటేశు చేతిలోని గుడ్డని మడిచాడు, విప్పాడు. "తీసినందుకు కాదు నేను రాంది" అన్నాడు. "ఆ సాయంత్రం అద్దంకి బస్టాండ్‌లో కూర్చున్నా. మన పేట బస్సులు వస్తన్నయ్, పోతన్నయ్. మీరెవరన్నా వస్తారని ఎక్కలా. ఒక్కడూ రాలా."

కెప్టెన్ మొహం చూస్తే ఆ బస్టాండ్ సంగతి ఇప్పుడే తెలిసిందని అర్థమైంది. "అప్పుడు ప్రైజులు ఇస్తన్నారు. ఓడినోళ్ళ కెప్టెన్ ముందే పోతే బాగోదని ఆగా. ఆదివారం వస్తావులే అనుకున్నా" అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత సంగతి ఆయన చెప్పడని నాకు తెలుసు. అందుకని నేను చెప్పాను. "ఆ తర్వాత చాలా ఆదివారాలు మేం పదిమందిమే ఆడాంరా కోటేశూ. ఆడతామని ఎంతమంది అడిగినా ఈయన తీసుకోలా. ప్రతిసారీ టాసు దగ్గర అంపైరుతో 'మావోడు ఒకడు లేటుగా వస్తాడు' అనేవాడు."

కోటేశు నా వైపు చూశాడు. తర్వాత ఆయన వైపు చూశాడు.

"నాకెవరు చెప్పారు?" అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లో ఫోన్లు లేవు అనుకోవచ్చు. కానీ చీమకుర్తికి బస్సులు ఉన్నాయి. మాలో ఎవరమైనా ఎక్కి ఉండొచ్చు. ముగ్గురం అది అనుకున్నామని నాకు తెలుసు, ఎవరమూ పైకి అనలేదు.

కాసేపటికి కోటేశు అడిగాడు. "మళ్ళీ అట్టాంటి ఓవర్ వస్తే నన్ను తీస్తావా?"

"తీస్తా" అన్నాడు కెప్టెన్.

కోటేశు నవ్వాడు. అతని పళ్ళు కొన్ని ఊడిపోయాయి. "మారలా నువ్వు. వెయ్యి. టీంలో వెయ్యి నన్ను" అన్నాడు. మళ్ళీ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, అప్పటికే అవి శుభ్రంగా ఉన్నా.

తిరిగి వచ్చేటప్పుడు కెప్టెన్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాను. ఒంగోలు దాటాక నాకో ఆలోచన వచ్చింది. అప్పటికే పదకొండు పేర్లూ నిండాయి, కోటేశు వస్తే పన్నెండుమంది అవుతారు. అదే మాట అన్నాను.

"అదే చూస్తన్నా" అన్నాడు కళ్ళు తెరవకుండా.

"సుబ్బారావుని..."

"వాణ్ణి తియ్యను. ఆ ఓవర్ వాడు అడగలా. నేనిచ్చా. ఊరంతా వాణ్ణి అన్నారు, సుబ్బారావు కప్పు పోగొట్టాడని. ఇప్పుడు వాణ్ణి తీస్తే నేనూ అదే అన్నట్టు అయిద్ది."

"మరి ఎవర్ని?"

ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు. "నిన్నేరా."

అరవై దాటిన మనిషిని. ఎప్పుడూ ఆడబోని టీం అది. అయినా నా పేరు తీసేస్తే నాకు కష్టమనిపించింది. వారం వారం ఆయన్ని మోసుకెళ్ళింది నేను. కోటేశుని వెయ్యమని అన్నాళ్ళు పోరింది నేను. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. బయట ఒకామె ఎర్రటి మిరపకాయల్ని చేటతో తిరగేస్తోంది.

"అలిగావా?" అన్నాడు.

"లేదు."

"అలుగు. నాకు తెలుసు. పన్నెండోవాడు ఒకడు ఉండాలిరా. లోపల పదకొండుమందికీ ఎవరికేం కావాలో చూసేవాడు. మస్తాన్ చూడడు, కోటేశు చూడడు, నేనూ చూడను. మేం ఆడుకుంటా ఉంటాం."

మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటూ ఉంటే ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. ఆయన నాకు ఇచ్చిన చోటు చిన్నది కాదేమో అనిపించింది. అయినా కొంచెం బాధ అలాగే ఉంది. ఇప్పటికీ ఉంది. దాచడం ఎందుకు?

ఆ తర్వాత ఆయన టీం గురించి మాట్లాడలేదు. నేను కదిలిస్తే, "అయిపోయింది. ఇంక మార్చను" అనేవాడు. ఎండలు ముదిరాయి. మిషన్ మీద ఉన్నప్పుడు కాళ్ళు పట్టేసేవి, నేను పిక్కలు పిసికేవాణ్ణి. దాహం అనేవాడు, ఐసుముక్క ఒకటి నోట్లో పెట్టేవాణ్ణి. అది కరిగేదాకా కళ్ళు మూసుకుని ఉండేవాడు. ఎక్కువ రోజులు నిద్రలోనే గడిచేవి. నేను కుర్చీలో కునికేవాణ్ణి. ఆఖరి బుధవారం మెలకువ వచ్చి నన్ను చూసి, "ఇంటికి పోయి పడుకోరా. నీ మొహం నాకన్నా అధ్వానంగా ఉంది" అన్నాడు. ఆయన నాతో అన్న చివరి మాట అదే. ఇంకేదైనా పెద్దమాట అని ఉంటే బాగుండేదా అని ఆలోచించాను. లేదు, ఇదే బాగుంది.

పెద్దకర్మ రోజున ఇంటి ముందు షామియానా వేశారు. టీంలో మిగిలినవాళ్ళు చాలామంది వచ్చారు. ఒకరినొకరు గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. ఆట గురించి మొదలుపెట్టి, షుగరు, బీపీల గురించి మాట్లాడుకున్నాం. కోటేశు తన లారీ వేసుకునే వచ్చాడు. గుంటూరులో రాళ్ళు దింపి తిరిగి వెళ్తున్నాడట. వీధి చివర ఆపి, లోపలికి వెళ్ళి వదినకి దణ్ణం పెట్టి వచ్చి ఒక పక్కన కూర్చున్నాడు. టీం సంగతి మస్తాన్‌కి ఎప్పుడో చెప్పాను. వాడు అందరికీ చెప్పేశాడు. ఒక్కొక్కరూ వచ్చి నవ్వుతూ అడిగారు, తమని వేశాడా అని. నవ్వుతూనే అడిగారు కానీ జవాబు కోసం కళ్ళలోకి చూశారు. వేసినవాళ్ళకి వేశాడని చెప్పాను. వెయ్యనివాళ్ళకి వెయ్యలేదనే చెప్పాను. ఆయన టీంలో అబద్ధం కలపబుద్ధి కాలేదు.

సుబ్బారావు మాత్రం అడగలేదు. అతను మార్టూరు దగ్గర ఊళ్ళో ఉంటాడు. మిరపతోట ఉంది. మోకాళ్ళు అరిగిపోయి చేతికర్రతో నడుస్తున్నాడు. భోజనాలయ్యాక చేతులు కడుక్కునే నీళ్ళ డ్రమ్ము దగ్గర నా పక్కన నిలబడ్డాడు.

"టీం వేశారంటగా" అన్నాడు, నీళ్ళ వైపు చూస్తూ.

"వేశాం."

అతను మగ్గుతో నీళ్ళు ముంచి, పోసుకోకుండా పట్టుకుని ఉన్నాడు.

"నువ్వు మొదటి నుంచీ ఉన్నావు సుబ్బారావూ. ఒక్కసారి కూడా నిన్ను తియ్యలా."

"ఆ ఓవర్..." అన్నాడు.

"ఆ ఓవర్ నువ్వు అడగలేదన్నాడు. తనే ఇచ్చానన్నాడు. నిన్ను తీద్దామా అని నేనే అన్నా. ఒప్పుకోలా."

సుబ్బారావు చేతులు కడుక్కున్నాడు. కడిగిన చేతులే మళ్ళీ కడుక్కున్నాడు. మగ్గు డ్రమ్ములో వదిలేసి కండువాతో మొహం కూడా తుడుచుకున్నాడు.

"నువ్వు ఓపెనింగేగా?" అని అడిగాడు.

"నేను పన్నెండోవాణ్ణి."

"అదేంది. ఇన్నాళ్ళూ తీసకెళ్ళింది నువ్వేగా?"

"అందుకేనంట."

అతను నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తడిగానే ఉంది.

సాయంత్రం కుర్చీలు మడిచి వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నారు. వదిన గుమ్మంలో కూర్చుని గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. ఆమెని ఎవరూ లేపలేదు. సుబ్బారావు బస్సు కోసం వీధి చివరికి నడుస్తున్నాడు. కోటేశు లారీ స్టార్ట్ చేసి ఉంది. అద్దంకి ఫైనల్ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నట్టు నాకు తెలియదు. ఆ రోజు షామియానా కింద కూడా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోలేదు.

"ఒరేయ్, మార్టూరేగా. ఎక్కు" అని కోటేశు పైనుంచి అన్నాడు.

సుబ్బారావు ఆగి లారీ వైపు చూశాడు. మెట్టు అతని నడుము ఎత్తున ఉంది. "ఎక్కలేను" అన్నాడు, కర్ర చూపించి.

కోటేశు హ్యాండ్ బ్రేకు వేశాడు. తర్వాత ఎడమవైపు సీటు మీదికి జరిగి, తలుపు తెరిచి, మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి కిందికి చాచాడు. సుబ్బారావు ముందు కర్ర అందించాడు. కోటేశు దాన్ని లోపల పెట్టి మళ్ళీ చెయ్యి చాచాడు. ఈసారి సుబ్బారావు ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఒకసారి జారాడు. నేను పరుగెత్తబోయాను, కానీ కోటేశు రెండో చేత్తో అతని చంక కింద పట్టేశాడు. ఇద్దరూ మూలుగుతూ, కాస్త నవ్వుతూ, మెల్లగా ఒకరు లాగి, ఒకరు ఎగబాకి లోపల పడ్డారు. తలుపు మూసుకుంది.

లారీ మలుపు తిరిగి హైవే ఎక్కింది. ఎడమ కిటికీలోంచి సుబ్బారావు మోచెయ్యి బయటికి వచ్చి ఉంది. చివరి ఎండ దాని మీద పడుతోంది. పత్తి బేళ్ళ లారీ ఒకటి అడ్డం వచ్చింది. అది పక్కకి తప్పుకున్నాక కూడా ఆ మోచెయ్యి చాలా దూరం దాకా కనిపించింది.